మా గాడిదకు తగిన టెలిస్కోపు

మొన్న ఆదివారం పొద్దున మా పక్కింటి శ్రీకాంత్ గేటు దగ్గర నిలబడి, "మేడం, చిన్న స్క్రూడ్రైవర్ ఏమన్నా ఉన్నదా?" అని అడిగాడు. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో అతనిదీ మాదీ ఒకే ప్రహరీగోడ. బ్యాంకులో ఉద్యోగం, డాబా మీద కుండీల్లో టమాటాల పెంపకం. ఆ టమాటాలను కోతులు బతకనివ్వడం లేదని, ఖాళీ రేకు డబ్బాను కొట్టి ఆ మోతతో వాటిని బెదరగొట్టడానికి ఒక ఎయిర్ రైఫిల్ కొన్నాడు. గురి కుదరడానికి దాని మీదికో టెలిస్కోపు తెప్పించి బిగించాడు. వారం తిరక్కుండానే అందులో ఏదో లొడలొడలాడుతోందట. "కొత్త సామాను గిట్లెట్ల పాడైతది మేడం? నేను కింద కూడా పడేయలే" అని దాన్ని నా చేతిలో పెట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను. ఆ చప్పుడు నాకు ఎంత పరిచయమంటే, చాలా ఏళ్ల తర్వాత చిన్ననాటి స్నేహితురాలి గొంతు ఫోనులో విన్నట్టనిపించింది.

"స్ప్రింగు తుపాకీయేనా?" అన్నాను. "అవ్ మేడం." "అయితే ఇది దానికి ఆగదు. పెద్ద తుపాకీ వెనక్కి మాత్రమే తంతది. స్ప్రింగుది వెనక్కి తన్ని, వెంటనే ముందుకూ తంతది. రెండు దిక్కులా తన్నులకు ఆగేటట్టు లోపలి అద్దాలు బిగించినది కొనాలె. పొట్టిది, తేలికది చూడు. వెనక్కి జారకుండా అడుగున పిన్ను ఉండాలె." శ్రీకాంత్ నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "మేడం, మీరు కాలేజీల చెప్పింది తెలుగే గదా?"

తెలుగే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పిల్లలకు గురువులూ లఘువులూ గుర్తుపట్టడం నేర్పాను. అయితే నా పదిహేడో ఏట, ఇంటర్ చదువుతున్న రోజుల్లో, మా ఇంట్లో పొద్దున చాయ్ దగ్గర మొదలుపెడితే దీపాలార్పే దాకా టెలిస్కోపుల మాటే. ఆ ఏడాది నేర్చుకున్న సంధులూ సమాసాలూ ఎన్ని గుర్తున్నాయో చెప్పలేను గానీ, టెలిస్కోపు ఎలా చస్తుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

అప్పుడు మేం మణుగూరులో ఉండేవాళ్లం. మా నాన్న దావీదు బొగ్గు గనిలో సర్వేయర్. పైనుంచి మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ పోయే గని అది. ఎక్కడ ఎంత లోతు తవ్వారో, రేపు ఎక్కడ తవ్వాలో, మూడు కాళ్ల స్టాండు మీద దుర్బీను పెట్టి కొలిచి చెప్పడం నాన్న పని. మా క్వార్టర్ల వెనక ముళ్లకంచె, కంచె అవతల అడవి. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు వాసన, గని వైపు నుంచి వచ్చే బొగ్గు వాసన రెండూ కలిసి మా ఆరేసిన బట్టలకు పట్టుకునేవి. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు వంటింట్లో గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమనేవి. ఆ వేళకు మా నాయనమ్మ గోడ అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడేది. మోత ఆగాక, "అయిపోయిందా ప్రభువా? ఇంక నా పని నేను జూసుకుంట" అని చెప్పి పెరట్లోకి పోయేది. దేవుడితో ఆమె పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడేది. ఇంట్లో గ్యాసు ఉన్నా, గ్యాసు మీద పప్పు చప్పగా ఉడుకుతుందని పెరట్లో కట్టెల పొయ్యి వదల్లేదు.

నాన్నకు కొలతల పిచ్చి. గోడకు మేకు కొట్టాలన్నా బుడగ ఉన్న లెవెల్ బద్ద పెట్టి చూడాల్సిందే. ఒకసారి అమ్మ చపాతీలు ఒత్తుతుంటే, ఇది గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారమని తేల్చి చెప్పాడు. ఆ పూట తన చపాతీలు తానే ఒత్తుకున్నాడు. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే రెండు బకెట్ల వేడినీళ్లతో ఒంటి మీది బొగ్గు కడుక్కుని, తలకు కొబ్బరినూనె రాసుకుని, వరండాలో కూర్చుని మర్నాటికి పెన్సిళ్లు చెక్కుకునేవాడు. నాలుగు పెన్సిళ్లు, నాలుగూ ఒకే పొడవు. ఆ పెన్సిలు పొట్టు వాసన, కొబ్బరినూనె వాసన కలిస్తే అదే మా ఇంటికి సాయంత్రం.

అలాంటి మనిషి తన కోసమని కోరి కొనుక్కున్న వస్తువు ఒక్కటే, ఎయిర్ రైఫిల్. హైదరాబాదులో తుపాకుల దుకాణంలో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. తిరునాళ్లలో బుడగలు కొట్టే రకం కాదది. గొట్టాన్ని మధ్యలో విరిచినట్టు కిందికి వంచితే లోపల పెద్ద స్ప్రింగు ముడుచుకుంటుంది. అది వంచడానికి నాన్న ఊపిరి బిగబట్టి, తొడకు ఆనించుకుని, ముఖం ఎర్రగా చేసుకునేవాడు. మీట నొక్కితే స్ప్రింగు విడివడి, దాని ముందున్న పిస్టన్ దూకి, ఆ గాలి తోపుకు పెసరగింజంత సీసపు గుండు, ఛర్రా, ఎగిరిపోతుంది. వెంటనే కుట్టుమిషను నూనె కాలిన వాసన. మొదటిసారి పేల్చినప్పుడు నాన్న భుజం ఒక అంగుళం వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వచ్చింది. పొయ్యి దగ్గర నుంచి చూస్తున్న నాయనమ్మ, "ఇదేం తుపాకిరా, గాడిద లెక్క తంతుంది!" అన్నది. ఆనాటి నుంచి దాని పేరు గాడిద. "ప్రాణమున్న దేని మీదన్నా దీన్ని ఎక్కుపెట్టినవో, నా చేతి అన్నం నీకు లేదు" అని కూడా చెప్పింది. కాబట్టి నాన్న సోడా మూతల మీద మాత్రమే గురి పెట్టేవాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర అన్నం తిని, ఎండ కాస్త తగ్గాక పెరట్లో పోటీ. పోటీదారు వీరన్న మామ. గనిలో నాన్న దగ్గర చైన్‌మన్. కొలత గొలుసు లాగడం, అంకెలు రాసిన పొడవాటి బద్దను దూరంగా నిలబెట్టి పట్టుకోవడం అతని ఉద్యోగం. దుర్బీనులోంచి ఆ బద్ద మీది అంకె చదివి పుస్తకంలో రాసుకోవడం నాన్న ఉద్యోగం. వీరన్న మామది అడవి అంచు ఊరు. ఇంట్లో కోయ, మాతో తెలుగు మాట్లాడేవాడు. చెక్క మీద తడి బంకమన్ను పరిచి, అందులో పది సోడా మూతలు గుచ్చి, వెనక ఇసుక బస్తాలు పేర్చేవారు. దూరం ఇరవై ఐదు మీటర్లు. అడుగులతో కొలిస్తే నాన్న ఒప్పుకునేవాడు కాదు, టేపు పట్టాల్సిందే. ఓడినవాడు మా కోళ్ల గూడు కడగాలి. ఈ షరతు పెట్టింది అమ్మ. ఎవరు గెలిచినా ఆమెకు లాభమే కాబట్టి ఆ పోటీని ఒక్క వారం కూడా తప్పనిచ్చేది కాదు.

ఏళ్ల తరబడి ఎక్కువ వారాలు వీరన్న మామే గూడు కడిగాడు. ఆ ఏడాది నాన్న ఓడిపోవడం మొదలైంది. మొదటి వారం గాలి ఎక్కువగా ఉందన్నాడు. రెండో వారం ఛర్రాలు నాసిరకమన్నాడు. మూడో వారం సోడా మూతల రంగు మార్చారన్నాడు. నాలుగో వారం ఏమీ అనకుండా చీపురు అందుకున్నాడు. అమ్మ గూడులోకి తొంగిచూసి, "సార్ వీరన్న కంటె మంచిగ కడుగుతరు. మూలమూలకు తిరిగిన్రు" అని మెచ్చుకుంది. ఆ మెప్పు నాన్నకు గుచ్చుకున్నట్టుంది. ఆ సాయంత్రం పెన్సిళ్లు చెక్కుతూ ప్రకటించాడు. "తప్పు నాది గాదు, తుపాకి మీది ముల్లుది. గంత చిన్న ముల్లును జూసి గురి ఎట్ల కుదుర్తది? దీనికి టెలిస్కోపు బిగించాలె."

అదే రోజుల్లో నాన్న ఇంకో కొత్త అలవాటు చేశాడు. సాయంత్రం బైబిలు తానే పైకి చదివేవాడల్లా, నన్ను చదవమన్నాడు. "నువ్వు చదువు బిడ్డా, నీ ఉచ్చారణ బాగుంటది" అన్నాడు. తర్వాత పేపరు కూడా నాతోనే చదివించుకున్నాడు. నేను పొంగిపోయాను. తెలుగు లెక్చరర్ కావాలన్న ఆలోచన నాకు ఆ వరండాలోనే పుట్టింది.

మొదటి టెలిస్కోపు హైదరాబాదు నుంచి వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, పెట్టె మీద కొమ్ముల దుప్పి బొమ్మతో. సర్వేయర్ కాబట్టి అద్దాల సంగతి తనకు తెలుసని నాన్న ఎవరినీ అడగకుండా కొన్నాడు. లోపల సన్నటి రెండు గీతలు ప్లస్ గుర్తులా కనిపించాలి. ఆ రెండూ కలిసిన చోట సోడా మూత ఉంటే మీట నొక్కాలి. మొదటి ఆదివారం బాగానే ఉంది. రెండో ఆదివారం వీరన్న మామ దాంట్లోంచి చూసి, "సార్, ప్లస్సు పోయి ఇంటూ అయింది" అన్నాడు. నిజమే. గీతలు పక్కకు తిరిగిపోయాయి. మరో పది దెబ్బలకు అడ్డగీత ఊడి, నిలువుగీత ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత లోపలి అద్దం కదిలి గిలక్కాయలా మోగడం మొదలైంది. నాన్న దాన్ని వరండాలో విప్పి, తిరిగి బిగించలేక, అద్దాలను ఒక సీసాలో దాచి గొట్టాన్ని అరుగు మీద వదిలేశాడు. మర్నాడు నాయనమ్మ ఆ గొట్టంతో పొయ్యి ఊదుతూ కనిపించింది. "ఇదేం గొట్టం కొడుకా, ఒక్క ఊదుకు మంట లేస్తుంది! ఇంకొకటి తెప్పియ్యి, మీ చిన్నమ్మకు పంపిద్దాం" అని అడిగింది. నాన్న తువ్వాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

రెండోది ఇంకా పొడవు, ఇంకా బరువు. దూరాన్ని పన్నెండు రెట్లు దగ్గరికి తెస్తుందట. దీనికి వేరే రోగం. పేల్చిన ప్రతిసారీ తుపాకీకి బిగించిన పట్టీల్లో గోరంత వెనక్కి జరిగేది. నాన్న చూసుకోలేదు. పైగా కన్ను మరీ దగ్గరగా పెట్టి, దాదాపు గొట్టంలోకి దూరి చూసేవాడు. ఎందుకలా దూరుతున్నాడో మాకెవరికీ తోచలేదు. ఒక శనివారం సాయంత్రం టెలిస్కోపు అంచు వచ్చి కనుబొమ్మను కొట్టింది. చంద్రవంకలా తెగింది. మర్నాడు నాన్న తెల్లటి ప్లాస్టరుతో చర్చికి వచ్చాడు. అడిగినవాళ్లకు సిగ్గుపడి, ఇంట్లో తగిలిందని మాత్రం చెప్పాడు. పాస్టరుగారు ఆ రోజు ప్రార్థనలో, భార్యలు కోపాన్ని అణచుకునే శక్తి కోసం చాలాసేపు వేడుకున్నారు. ఆడవాళ్ల వరసలో తలలన్నీ మా అమ్మ వైపు తిరిగాయి. అమ్మ ఇంటికి వచ్చేదాకా ఊరుకుని, చెప్పులు విడవకుండానే అన్నది. "రేపు ఖమ్మం పోండ్రి. తెలిసినోళ్లను అడిగి కొనండ్రి. లేకుంటే దాన్ని గనిల పారేయండ్రి. నేను మాత్రం మళ్లా గట్ల ప్రార్థన చేయించుకోను."

ఖమ్మంలో యాకూబ్ చాచా గడియారాలు, కెమెరాలు, దుర్బీన్లు బాగుచేసేవాడు. నాన్నకు పాత పరిచయం. సెలవు పెట్టి నాన్నా నేనూ బస్సెక్కాం. చాచా దుకాణంలో గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ ఉండేవి. కంటికి చిన్న నల్లటి భూతద్దం బిగించుకుని, చాచా రెండు టెలిస్కోపుల శవపరీక్ష చేశాడు. తర్వాత చాయ్ తెప్పించి, నిండు గ్లాసును ట్రేలో పెట్టి, ట్రేను గబుక్కున వెనక్కి లాగాడు. చాయ్ ముందుకు ఒలికింది.

"చూడన్నా, పెద్ద బందూకు గిట్ల తంతది. ఒక్కటే దిక్కు. గందుకు ఆ దుర్బీన్లల అద్దాలను ఒక్క దిక్కే గట్టిగ ఆపుతరు. నీ స్ప్రింగుదేం జేస్తది? ఫస్టు వెనక్కి తంతది. లోపటి పిస్టన్ పోయి గోడకు గుద్దుకుంటది గదా, గప్పుడు మళ్ల ముందుకు." ట్రేను ముందుకు తోసి టక్కున ఆపాడు. మిగిలిన చాయ్ నాన్న ప్యాంటు మీద పడింది. "ఇగో, గిదీ నీ బీమారి."

నాన్న ప్యాంటు తుడుచుకోవడం మరిచిపోయి పుస్తకం తీశాడు. "మరి ఎట్లాంటిది కొనాలె?"

"స్ప్రింగు బందూకుకు చేసిందని అడిగి తీస్కో. లోపట అద్దాలు రెండు దిక్కుల బిగించి ఉంటయ్. పన్నెండు రెట్లు ఎందుకన్నా? సోడా మూతను గంత పెద్దగ జూసి ముద్దు పెడ్తవా? నాలుగు రెట్లు చాలు. పొట్టిగ, హల్కాగ ఉండాలె. బరువు ఎక్కువైతే అంతే గట్టిగ జారుతది. పెద్ద బందూకువి నూరు గజాల అవతల సాఫ్ కనవడేటట్టు చేస్తరు, నీకు ఇరవై ఐదు మీటర్లకు సాఫ్ కనవడాలె. పట్టీలు రెండు విడివిడిగ వద్దు, ఒకటే తునక. దాని అడుగున పిన్ను. ఆ పిన్ను బందూకు మీది గుంటల కూసుంటే ఇంక యాడికి జారదు."

చెబుతున్నంతసేపూ చాచా నాన్న ముఖాన్నే చూస్తున్నాడు. లేచేటప్పుడు నాన్న, "టైమెంతైంది యాకూబ్? బస్సు దొరుకుతదా?" అని అడిగాడు. చాచా ఏదో అనబోయి ఆగి, టైము చెప్పాడు. హైదరాబాదులో తెలిసిన దుకాణానికి తానే ఫోను చేసి తెప్పిస్తానన్నాడు.

మూడో టెలిస్కోపు మూడు వారాలకు వచ్చింది. పొట్టిగా, చూడ్డానికి ఏమాత్రం దర్జా లేకుండా ఉంది. రెండుసార్లు మోసపోయిన నాన్న దాన్ని నేరుగా తుపాకీ మీద పెట్టదలుచుకోలేదు. ముందు ట్రయల్ చూడాలన్నాడు. ఆ వారం నాయనమ్మ ఎండుమిర్చి దంచుతోంది. రోకలి పైకి లేచి, కిందికొచ్చి, టక్కున ఆగడం నాన్న వరండాలోంచి గమనించాడు. "అమ్మా, ఒక్క నిమిషం ఆగు" అని టెలిస్కోపును సైకిల్ ట్యూబుతో రోకలికి కట్టాడు. నాయనమ్మ ఆకాశం వైపు చూసి, "చూస్తున్నవా ప్రభువా, నీ దావీదు ఏం జేస్తున్నడో" అని ఫిర్యాదు చేసి దంచడం మొదలుపెట్టింది. ప్రతి నూరు పోట్లకూ నాన్న ఆపించి, నన్ను చూడమనేవాడు. "గీతలు నిలువుగ ఉన్నయా?" "ఉన్నయ్ నాన్నా." మళ్లీ నూరు. నేనూ తుమ్ముతున్నాను, నాన్నా తుమ్ముతున్నాడు, టెలిస్కోపు ఎర్రగా అయిపోయింది. నాయనమ్మ ఒక్కతే తుమ్మలేదు. సాయంత్రానికి కారమూ అయింది, ట్రయలూ అయింది. గీతలు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇన్నిసార్లు నన్నే ఎందుకు చూడమన్నాడో నాకు అప్పుడూ తట్టలేదు. కళ్లలో కారం పడుతుందని భయమేమో అనుకున్నాను.

ఆదివారం గాడిద మీద దాన్ని బిగించారు. పిన్ను గుంటలో కూర్చుంది. అమ్మ, నాయనమ్మ కూడా పీటలు వేసుకుని కూర్చున్నారు. నాన్న మొదటి దెబ్బ ఇసుక బస్తాకు తగిలింది. రెండోది చెక్కకు. ఐదోది ఎటు పోయిందో తెలియలేదు. నాన్న తల ఎత్తి, చాలా నెమ్మదిగా, "ఇది కూడా పోయింది. లోపల మంచు పట్టింది" అన్నాడు.

నేను చూశాను. మంచు లేదు. సోడా మూత మీది అక్షరాలు అరచేతిలో పెట్టుకున్నట్టు కనిపిస్తున్నాయి. నోరు తెరవబోతుంటే అమ్మ వచ్చి చూసింది. "చీమ పోతుంది, మూడో మూత మీద" అన్నది. నాయనమ్మ కూడా వంగి చూసి, "అవ్, పోతుంది" అన్నది. గూట్లో కోళ్లు కొక్కొక్కోమంటున్నాయి. అప్పుడు వీరన్న మామ తుపాకీ ముట్టుకోకుండానే, "పోయింది సార్, సామాను మంచిది గాదు. కొత్తది తెప్పిద్దాం" అని గబగబా చీపురు తీసుకుని గూడు వైపు వెళ్లిపోయాడు. ఓడింది నాన్న అయితే గూడు అతనెందుకు కడుగుతున్నాడని అడిగేవాళ్లు కూడా లేరు.

నేను వెనకే వెళ్లాను. "మామా, నువ్వు టెలిస్కోపుల చూడనే లేదు. పోయిందని ఎట్ల జెప్పినవ్?"

వీరన్న మామ చీపురు కింద పెట్టాడు. "పాపా, ఎనిమిది నెలల సంది సార్ గనిల దుర్బీన్ల చూస్తలేడు. బద్ద పట్టుకునేటందుకు ఇంకొకల్ని పెట్టి, 'వీరన్నా, రా, నువ్వు నేర్చుకో' అని నాతోని అంకెలు చదివిస్తుండు. మొదట్ల నాకు పని నేర్పుతుండనుకొని మస్తు సంబురపడ్డ. మా ఇంటామెకు కూడా చెప్పిన, సార్ నన్ను సర్వేయర్ను జేస్తడని. ఒకనాడు పొరపాటున ఒక అంకె తప్పు చదివిన. సార్ అదే రాసుకున్నడు, నేనే మళ్ల చెప్పి దిద్దిచ్చిన. ఎన్నడన్న మీ నాయిన తప్పు అంకె రాసుకున్నడా? గప్పుడు తెలిసింది నాకు." గూడు తలుపు గడియ పెట్టి మళ్లీ అన్నాడు. "వచ్చే నెల మెడికలు. కండ్ల పరీక్షల పోతే సర్వేల ఉంచరు. గది ఒక్కటే గాదు. మీ తాతకు చివరికి రెండు కండ్లు పోయినయంట గదా. సార్ నాకేం చెప్పలే, నేనే అనుకుంటున్న, గా భయమే ఎక్కువున్నది. కని పాపా, గనిల ఒక్క అంకె తప్పైతే మనుషుల మీద మట్టి పడ్తది. నాకు గూడ నిద్ర పడ్తలేదు."

నేను కోళ్ల గూడు పక్కనే కూలబడ్డాను. నా ఉచ్చారణ బాగుందన్నది, పేపరు చదివించింది, మిర్చి దంచుతుంటే నూరేసి పోట్లకొకసారి నన్ను చూడమన్నది, అన్నీ ఒకదాని వెంట ఒకటి అర్థమయ్యాయి. కోపం వచ్చింది. ఆ కోపంలోనే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నాన్నతో నేరుగా చెబితే ఒప్పుకోడని తెలుసు. లోపలికి వెళ్లి, "నాన్నా, ఇది పాడైందని యాకూబ్ చాచాకే చూపిద్దాం. ఆయనే గదా తెప్పిచ్చింది" అన్నాను. నాన్న ముఖం తేటపడింది. "అదే మంచిది. గట్టిగ అడుగుదాం" అన్నాడు.

మళ్లీ ఖమ్మం వెళ్లిన రోజు చాచా టెలిస్కోపును ఈ కొస నుంచి చూశాడు, ఆ కొస నుంచి చూశాడు. నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత కంటికి భూతద్దం అలాగే ఉంచుకుని, చేతిలో చిన్న టార్చి వెలిగించి, "తల జర ఎత్తన్నా" అన్నాడు. గడియారం మూత తీసి చూసినట్టే నాన్న కుడికంట్లోకి చూశాడు. "ఇగో, దొరికింది. అద్దం మసకబట్టింది. కుడిది ఎక్కువ, ఎడమది జర తక్కువ. దుర్బీనుకు రెండు కొసలుంటయ్ అన్నా. గా కొస పని నాది. గీ కొస పని దవాఖానాది."

నాన్న చాచా చేతిలోని టార్చిని పక్కకు తోశాడు. "నీకెట్ల తెలిసింది?"

"మొన్న నువ్వు గడియారాల దుకాణంల కూసొని నన్ను టైము అడిగినవ్."

"నీ గోడ మీద ఒక్కో గడియారం ఒక్కో టైము చూపిస్తది, అడగకేం జెయ్యాలె?"

"గది నీకు కనవడితే గదా అన్నా!"

నాన్న నవ్వబోయి ఆగాడు. "మా నాయినకు గిట్లనే మొదలైంది యాకూబ్" అన్నాడు. అంత చిన్న గొంతుతో నాన్న మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు. చాచా భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "మీ నాయినకు అద్దం మార్చేటోళ్లు దొరకలే. మా ముసలి అమ్మికి గిదే అయింది. మార్పిచ్చిన. ఇప్పుడు సూదిల దారం నన్ను అడగకుంట తనే ఎక్కిస్తుంది. లే, నేను గూడ వస్తా." షట్టరు సగం దించి, మమ్మల్ని కంటి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. శుక్లం తీసేసి కొత్త అద్దం పెడతామని చెప్పగానే నాన్న పుస్తకం తీశాడు. "అమ్మా, ఆ అద్దం ఎట్ల ఆగుతది? ముందుకూ వెనక్కూ రెండు దిక్కుల బిగిస్తరా?" డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "దానికి రెండు పక్కలా సన్నటి కాళ్లుంటాయి. అవే పట్టి ఉంచుతాయి." "జారదా?" "జారదు." "కాళ్లూ అద్దమూ ఒకటే తునకనా, విడివిడిగనా?" "ఒకటే." "బరువెంత?" డాక్టరమ్మ చాచా వైపు చూసింది, చాచా పైకప్పు వైపు చూశాడు. "దావీదు గారూ, మీరు దీంతో ఏం చేయబోతున్నారు?" అని అడిగింది. నాన్న అన్నీ రాసుకుని, పెన్సిలు జేబులో పెట్టుకుని, "అయితే కానియ్యండమ్మా" అన్నాడు.

ఆపరేషనుకు ముందే నాన్న ఇంకో పని చేశాడు. మెడికల్ పరీక్ష కోసం ఎదురుచూడకుండా తన అధికారి దగ్గరికి వెళ్లి, ఎనిమిది నెలలుగా అంకెలు చదివింది తాను కాదు, వీరన్న అని కాగితం మీద రాసిచ్చాడు. వెళ్లేముందు వరండాలో ఆ కాగితం నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి ఒక మాట మింగేశాను. "ఉచ్చారణ, ఉచ్చారణ" అన్నాడు. అధికారి మండిపడి, ఎనిమిది నెలల కొలతలన్నీ కొత్తగా తీయించాడు. ఒక్కటీ తప్పు రాలేదు. నాన్నకు మెమో వచ్చింది. వీరన్న మామకు డిపార్ట్‌మెంట్ పరీక్ష రాసుకోమని అనుమతి వచ్చింది. రెండోసారికి పాసై, సర్వేయర్‌గానే రిటైరయ్యాడు. వాళ్లావిడ ఇప్పటికీ, మా ఆయన ముందే చెప్పిండు, నేనే నమ్మలేదు అంటుంది.

పోయిన ఏడాది నా కళ్లు పరీక్ష చేసి, శుక్లం మొదలైంది, ఎప్పుడంటే అప్పుడు వచ్చి చేయించుకోండి, పావుగంట పని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోవచ్చు అన్నారు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఇంటికొచ్చి వంట చేసుకున్నాను, ఇంకా చేయించుకోలేదు. నాన్న ఆపరేషను నాడు అలా కాదు. నాన్నను ఆసుపత్రిలో కదలకుండా పడుకోబెట్టారు. దగ్గొద్దు, తుమ్మొద్దు, వంగొద్దు. దంచిన కారం వాసన కూడా ఆయన దరిదాపులకు రాకూడదని నాయనమ్మ మణుగూరులో డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఉపవాసం ఉండి, రోజంతా దేవుడితో వాదిస్తూనే ఉంది. ఇప్పటి సుఖాన్ని నేను తక్కువ చేయను. ఆ భయం ఎవరికీ రాకపోవడమే మంచిది. కానీ ఒక మనిషి కంటి కోసం ఒక వాచీ మెకానిక్కు దుకాణం సగం మూసి రావడం, ఒక చైన్‌మన్ నెలల తరబడి నిద్ర లేకుండా నోరు మూసుకోవడం, ఇప్పుడు పావుగంటలో అయిపోయే ఆపరేషన్లలో ఎక్కడ ఉంటాయో నాకు తెలియదు. నేనే ఎవరికీ చెప్పలేదు కదా, ఎవరొస్తారు?

కట్టు విప్పిన రోజు మాత్రం నాకు కళ్లకు కట్టినట్టుంది. డాక్టరమ్మ దూది తీసి, మెల్లగా తెరవమంది. నాన్న కన్ను తెరిచాడు, మూశాడు, నీళ్లు కారాయి, మళ్లీ తెరిచాడు. మంచం పక్కన నేను, నా పక్కన అమ్మ. నాన్న నా మీదుగా చూపు జరిపి అమ్మ దగ్గర ఆపాడు. చాలాసేపు అలాగే చూశాడు. అమ్మ ఇబ్బందిపడి కొంగు సర్దుకుంది. "ఏంది? కనవడ్తుందా లేదా?"

"సుగుణా, నీ తల గింత ఎప్పుడు నెరిసింది?"

"మీరు చూస్తలేనప్పుడు" అన్నది అమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. ఇక చాలు, కన్ను మూసుకోండి అని చెప్పింది. నాన్న వినిపించుకోలేదు.